రెండు ‘లవకుశ’ల పుల్లయ్య

శ్రీరామనవమి పందిరి వేసి మైకు కట్టారంటే ‘లవకుశ’ పాటలు వినిపించని ఊరు గోదావరి సీమలో అరుదు. రాముడంటే ఎన్.టి.రామారావు, సీతంటే అంజలీదేవి అని చెప్పే పెద్దవాళ్ళు ఇప్పటికీ ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు. కానీ ఆ బొమ్మ తీసిందెవరని అడిగితే చాలామంది తడుముకుంటారు. తీసినాయన కాకినాడ వాస్తవ్యుడని తెలిసినవాళ్ళు మరీ తక్కువ. అదే కథను ఆయన అంతకు ఇరవై తొమ్మిదేళ్ళ ముందు కూడా ఒకసారి తీశారని, ఆనాడు కూడా జనం బండ్లు కట్టుకుని వెళ్ళి చూశారని చెబితే ఆశ్చర్యపోతారు.

ఆయన పేరు చిత్తజల్లు పుల్లయ్య. చిత్రరంగంలో సి.పుల్లయ్యగా ప్రసిద్ధులు. ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’ తీసిన పి.పుల్లయ్య వేరు. ఆయన నెల్లూరు వారు, నటి శాంతకుమారి భర్త. ఇద్దరూ ఒకే కాలంలో పేరున్న దర్శకులు కావడంతో ఒకరి గొప్పను మరొకరి ఖాతాలో వేయడం నేటికీ జరుగుతూనే ఉంది.

సి.పుల్లయ్య 1898లో కాకినాడలో జన్మించారు. ఆ రోజుల్లో కాకినాడ ఓడల రేవు. రంగూన్ బియ్యం, సముద్ర వ్యాపారం, తెల్లవారి కంపెనీలు, వాటితోపాటు నాటక సమాజాలు, సంగీత సభలు ఉన్న పట్నం. 1923లో అఖిల భారత కాంగ్రెస్ మహాసభ అక్కడే జరిగింది. పట్నంలో ఏ కొత్త వింత దిగినా ముందుగా చూసే అవకాశం అక్కడి కుర్రవాళ్ళకు ఉండేది. తెర మీద మనుషులు కదలడం అనే వింత పుల్లయ్యను పట్టుకుంది. పట్టుకున్నది చివరిదాకా వదలలేదు.

అప్పటికి తెలుగువారిలో సినిమా తీయడం తెలిసిన ఇల్లు ఒక్కటే. బందరు నుంచి మద్రాసు వెళ్ళి ఫోటో స్టూడియో పెట్టి, సినిమా హాళ్ళు కట్టి, చివరకు చిత్ర నిర్మాణానికి దిగిన రఘుపతి వెంకయ్యనాయుడు గారి ఇల్లు అది. ఆయన కుమారుడు ప్రకాష్ ఇంగ్లండు వెళ్ళి కెమెరా పని నేర్చుకుని వచ్చి 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ మూకీ చిత్రం తీశారు. పుల్లయ్య ఆ ప్రకాష్ శిష్యులు. వై.వి.రావు కూడా అక్కడ తయారైనవారే. ఈ గురువు దగ్గర పని నేర్వడమంటే ఒక్క విభాగం నేర్వడం కాదు. వేషం వేయాలి, కెమెరా మోయాలి, ఫిలిం కడగాలి, ముక్కలు అతకాలి, తర్వాత ఆడించాలి. ఇప్పటిలా ఎవరి పని వారిది అనే పద్ధతి అప్పటికి పుట్టలేదు.

ఇంటి ఆవరణలో యమలోకం

నేర్చుకున్న విద్యతో పుల్లయ్య మద్రాసులోనే ఉండిపోలేదు. కాకినాడ తిరిగి వచ్చారు. కెమెరా సంపాదించి 1920ల నడుమ ‘మార్కండేయ’ కథను సొంత ఊళ్ళో, ఇంటి ఆవరణలోనే తీశారు. స్టూడియో లేదు. ఎండే దీపం. పొద్దు వాలితే పని ఆగిపోవాల్సిందే. అప్పటి కెమెరాకు మోటారు ఉండదు. పిడి పట్టుకుని ఒకే వేగంతో తిప్పాలి. చెయ్యి మందగిస్తే తెర మీద మనుషులు ఉరుకుతారు, వేగం పెరిగితే ఈడుస్తూ నడుస్తారు. మద్రాసు, బొంబాయి, కలకత్తా వంటి మహానగరాలకే సరిపోయే పని అనుకున్నదాన్ని ఒక తీరపట్నంలో, పెరట్లో చేసి చూపించడం ఆనాటికి సాహసమే.

ఆ చిత్రంలో యముడి వేషం పుల్లయ్య గారే వేశారు. శివలింగాన్ని కౌగిలించుకున్న పిల్లవాడి మీద పాశం విసిరే యముడు. ఆ బొమ్మను నేడు చూద్దామంటే దొరకదు. మన మూకీ చిత్రాలన్నిటికీ పట్టిన గతే దానికీ పట్టింది.

బొమ్మ తీయడం ఒక ఎత్తయితే దాన్ని జనానికి చూపించడం మరో ఎత్తు. ఊళ్ళలో హాళ్ళెక్కడివి? పుల్లయ్య టూరింగు సినిమాతో ఊరూరా తిరిగారు. డేరా, గుంజలు, తెర, ప్రొజెక్టరు, ఫిలిం డబ్బాలు బండ్ల మీద ఎక్కించి ఒక ఊరినుంచి ఇంకో ఊరికి చేర్చడం, ఊరి బయట ఖాళీ స్థలంలో డేరా లేపడం, తప్పెట కొట్టించి చాటింపు వేయించడం, రాత్రికి ఆట వేయడం. ఇదీ ఆ వ్యాపారం. నేల మీద కూర్చునేవారికి ఒక ధర, బెంచీకి ఒకటి, కుర్చీకి ఇంకొకటి. ఒకటే ప్రొజెక్టరు కనుక రీలు రీలుకీ ఆట ఆగేది. బొమ్మకు నోరు లేదు కాబట్టి పక్కన ఒకరు నిలబడి కథ చెప్పేవారు. వాన వస్తే ఆట లేదు, గాలి వస్తే డేరా లేదు. పంట చేతికొచ్చిన నెలల్లో నాలుగు డబ్బులు కనిపిస్తే, వ్యవసాయం పనుల రోజుల్లో ఖర్చు మీద ఖర్చు.

పుల్లయ్య తర్వాత తీసిన చిత్రాలన్నిటికీ పెట్టుబడి ఈ తిరుగుడే అనాలి. ఏ చోట పల్లె జనం ఊపిరి బిగబట్టి చూస్తారు, ఏ చోట బీడీ ముట్టించుకుంటారు, ఏ కథ అయితే ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వస్తారు అనే సంగతి ఆయన డేరాలోనే కళ్ళారా చూశారు. పుస్తకంలో నేర్చుకునే విద్య కాదది.

కలకత్తాలో తెలుగు బొమ్మలు

1932లో హెచ్.ఎం.రెడ్డి బొంబాయిలో ‘భక్త ప్రహ్లాద’ తీయడంతో తెలుగు సినిమాకు మాట వచ్చింది. అప్పటికి మద్రాసులో శబ్దచిత్రాలు తీసే స్టూడియో లేదు. అది 1934లో గాని ఏర్పడలేదు. దాంతో తెలుగు నటులు బొంబాయికో కలకత్తాకో రైలెక్కవలసి వచ్చేది. కలకత్తాలోని ఈస్టిండియా ఫిలిం కంపెనీ తెలుగు చిత్రం తీయదలచినప్పుడు దర్శకత్వం పుల్లయ్యకు దక్కింది. 1933లో ‘సావిత్రి’ వెలువడింది. సావిత్రిగా దాసరి రామతిలకం, సత్యవంతుడిగా నిడుముక్కల సుబ్బారావు, యముడిగా వేమూరి గగ్గయ్య నటించారు. కాకినాడ పెరట్లో తాను వేసిన వేషాన్ని పుల్లయ్య ఈసారి గగ్గయ్యకు ఇచ్చారు. గగ్గయ్య గొంతు, ఆకారం చూశాక యముడంటే ఇలాగే ఉంటాడని జనం స్థిరపరుచుకున్నారు.

ఆ రోజుల్లో వెనుకనుంచి వేరొకరు పాడే పద్ధతి లేదు. నటించేవారే పాడుకోవాలి, అది కూడా కెమెరా ముందే. నాటకాల్లో పద్యం దంచినవారికే సినిమాలో చోటు దక్కడానికి కారణం ఇదే. ఎక్కడో గోదావరి, కృష్ణ, గుంటూరు జిల్లాల నాటకాల వారిని పోగుచేసి, కలకత్తా తీసుకువెళ్ళి, భాష రాని సాంకేతిక నిపుణుల మధ్య వారిచేత నటింపజేసి, మళ్ళీ క్షేమంగా ఇళ్ళకు చేర్చడం దర్శకుడి పనిలో ఒక భాగం.

మరుసటి ఏడాది, 1934లో, ‘లవకుశ’ వచ్చింది. పారుపల్లి సుబ్బారావు రాముడు, సీనియర్ శ్రీరంజని సీత. తెలుగు టాకీ పట్నం దాటి పల్లెకు పోయింది ఈ చిత్రంతోనే అని చెప్పాలి. హాలున్న ఊరికి చుట్టుపక్కల గ్రామాల నుంచి ఎడ్లబండ్లు బారులు తీరాయి. గర్భవతి అయిన ఇల్లాలిని అడవికి పంపడం, పుట్టిన బిడ్డలకు తండ్రెవరో తెలియకపోవడం, ఆ బిడ్డలే తండ్రి మీద విల్లెత్తడం. ఈ కథ చదువు రాని వారికీ తెలిసిందే. తెలిసిన కథ అయినందుకే సీత ఏడ్చినప్పుడు హాలంతా ఏడ్చింది. శ్రీరంజని 1939లోనే చనిపోయారు. ఆమె చెల్లెలు కూడా తర్వాత అదే పేరుతో జూనియర్ శ్రీరంజనిగా తెరకెక్కి ‘గుణసుందరి కథ’లో నాయిక అయ్యారు.

పిల్లలతో బొమ్మ

1936లో అరోరా ఫిలిం కంపెనీకి పుల్లయ్య చేసిన ప్రయోగం నేడు తలచుకున్నా వింతగానే ఉంటుంది. ‘సతీ అనసూయ’, ‘ధ్రువ విజయం’ అని రెండు చిన్న చిత్రాలు. రెంటినీ కలిపి ఒకే ఆటగా చూపించారు. అందులో నటులందరూ పిల్లలే. మహర్షులూ పిల్లలే, మహారాజులూ పిల్లలే. ఇందుకోసం ఆయన నాటకాలాడే చిన్నపిల్లల్ని వెతికారు. అలా దొరికిన అమ్మాయి కృష్ణవేణి. గోదావరి గట్టున పంగిడిలో పుట్టి, పసితనంలోనే రంగస్థలమెక్కిన పిల్ల. అనసూయ వేషం ఆమెకు దక్కింది.

ఈ కృష్ణవేణే పెద్దయి, పేరున్న నాయికగా రాణించి, మీర్జాపురం రాజావారిని పెళ్ళాడి, నిర్మాతగా 1949లో ‘మన దేశం’ తీశారు. ఎల్.వి.ప్రసాద్ దర్శకుడు, ఘంటసాల సంగీతం. అందులో ఒక చిన్న పోలీసు ఇన్‌స్పెక్టరు వేషంతో నిమ్మకూరు కుర్రవాడు నందమూరి తారక రామారావు తొలిసారి తెరమీద కనిపించారు. అంటే పుల్లయ్య తెచ్చిన పిల్ల నిర్మాతై రామారావును తెస్తే, ఆ రామారావే పద్నాలుగేళ్ళ తర్వాత పుల్లయ్య రెండో ‘లవకుశ’కు రాముడయ్యారు. కృష్ణవేణి నూరేళ్ళు నిండాక 2025 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

మనుషుల్ని పట్టడంలో పుల్లయ్యది పశువుల సంతలో రైతు చూపు లాంటిది. 1939లో కాళ్ళకూరి నారాయణరావు గారి ‘వర విక్రయం’ నాటకాన్ని చిత్రంగా తీశారు. వరకట్నం మీద వచ్చిన ఆ నాటకం అప్పటికే ఊరూరా ఆడుతోంది. పిసినారి సింగరాజు లింగరాజు వేషం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కట్నం పెళ్ళి ఇష్టంలేక ప్రాణం తీసుకునే కాళింది పాత్రకు ఒంగోలు దగ్గర దొడ్డవరం నుంచి ఒక పద్నాలుగేళ్ళ లోపు పిల్లను తెచ్చారు. ఆమే భానుమతి. ఆ తర్వాత నటిగా, గాయనిగా, నిర్మాతగా, స్టూడియో యజమానురాలిగా ఆమె ఎక్కిన మెట్లు అందరికీ తెలిసినవే.

కాకినాడ నుంచే వచ్చిన మరో మనిషి కస్తూరి శివరావు. మూకీ బొమ్మలకు పక్కన నిలబడి కథ చెప్పిన వారిలో ఆయన ఒకరు. ‘వర విక్రయం’లో పుల్లయ్య ఆయనకు వేషమిచ్చారు. పదేళ్ళు తిరిగేసరికి ‘గుణసుందరి కథ’లో కథానాయకుడే అయ్యారు. శివరావు కారు ఆగితే జనం మూగేవారని చెప్పుకునేవారు. ఆ ఊపులో సొంతంగా నిర్మాతై 1950లో ‘పరమానందయ్య శిష్యులు’ తీసి, దర్శకత్వం కూడా వహించారు. అది ఆశించినట్టు ఆడలేదు. అక్కడినుంచి మెట్లు దిగడమే. చివరి రోజులు ఇబ్బందుల్లో గడిపి 1966 ఏప్రిల్‌లో కన్నుమూశారు. అదే నెలలో రామారావు కథానాయకుడిగా ‘పరమానందయ్య శిష్యుల కథ’ విడుదలై విజయవంతమైంది. దాని దర్శకుడు సి.పుల్లయ్య. విధి ఇలాంటి పనులు కావాలని చేస్తుందేమో అనిపిస్తుంది.

రేలంగి వెంకట్రామయ్య సంగతి ఇంకో రకం. ఆయన పుల్లయ్య దగ్గర ఏళ్ళ తరబడి అన్ని పనులూ చేశారు. నటుల్ని కుదర్చడం, వాళ్ళకు భోజనాలు, బసలు చూడడం, ఏర్పాట్లు సరిచూడడం, ఖాళీగా ఉంటే చిన్న వేషం. 1942లో జెమినీ వారి కోసం పుల్లయ్య తీసిన ‘బాలనాగమ్మ’లోనూ రేలంగిది చిన్న వేషమే. కాంచనమాల బాలనాగమ్మగా, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీగా నటించిన ఆ చిత్రం విపరీతంగా ఆడి జెమినీకి కాసులు కురిపించింది. రేలంగి మాత్రం మరో ఆరేళ్ళు వేచి ఉన్నారు. 1948లో పింగళి నాగేంద్రరావు నాటకం ఆధారంగా పుల్లయ్య తీసిన ‘వింధ్యరాణి’తో గుర్తింపు, మరుసటి ఏడు ‘గుణసుందరి కథ’తో పేరు. 1953లో పుల్లయ్య ‘పక్కింటి అమ్మాయి’ తీసినప్పుడు అంజలీదేవి సరసన ప్రధాన పాత్ర రేలంగిదే. ఒక బెంగాలీ చిత్రం ఆధారంగా తీసిన ఆ కథే తర్వాత 1968లో హిందీలో ‘పడోసన్’గా వచ్చింది. 1970లో రేలంగికి పద్మశ్రీ వచ్చింది. ఆయనను దగ్గరుంచుకుని పని నేర్పిన పుల్లయ్య దాన్ని చూడలేదు.

ఇక అంజలీదేవిది పెద్దాపురం. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల్లో నటించి, ఆ క్లబ్బులోనే సంగీత దర్శకుడు ఆదినారాయణరావును పెళ్ళాడిన అంజనీకుమారికి 1947లో ‘గొల్లభామ’లో మోహిని వేషమిచ్చి, అంజలీదేవి అని పేరు మార్చింది పుల్లయ్యే. ఆ చిత్రంలో నాయిక కృష్ణవేణి.

అయిదేళ్ళ అగ్నిపరీక్ష

1958 నాటికి పుల్లయ్యకు అరవై ఏళ్ళు. నిర్మాత ఎ.శంకరరెడ్డి మళ్ళీ ‘లవకుశ’ తీయాలని, అదీ పూర్తిగా రంగుల్లో తీయాలని సంకల్పించారు. తెలుగులో అప్పటికి పూర్తి రంగుల చిత్రం రాలేదు. రంగు ఫిలిం ఖరీదు వేరు, దానికి కావలసిన దీపాలు వేరు, ఖర్చులు వేరు. దర్శకత్వానికి ‘లవకుశ’ను ఒకసారి గెలిపించిన పుల్లయ్యనే ఎంచుకున్నారు. రాముడిగా రామారావు, సీతగా అంజలీదేవి, లక్ష్మణుడిగా కాంతారావు, వాల్మీకిగా నాగయ్య. సదాశివబ్రహ్మం రచన, ఘంటసాల సంగీతం.

మొదలుపెట్టిన చిత్రం డబ్బు చాలక ఆగిపోయింది. నెలలు కాదు, ఏళ్ళు గడిచాయి. సినిమా ఆగిపోవడమంటే రైతుకు పంట పొలంలోనే నిలిచిపోవడం లాంటిది. కోయలేడు, వదలలేడు. పైగా ఇది పిల్లల కథ. పెద్దవాళ్ళ వయసును రంగు పూసి సర్దుకోవచ్చు, పిల్లలు ఎదగడాన్ని ఎవరు ఆపగలరు? పాడిన పాటలు ఉన్నాయి, తీసిన దృశ్యాలు ఉన్నాయి, అవి సగంలో ఉన్నాయి. మొదటి ‘లవకుశ’తో పల్లెకు టాకీని తీసుకుపోయిన మనిషికి రెండోది వెలుగు చూస్తుందో లేదో తెలియని స్థితి.

ఈ మధ్యలో ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1960లో రామారావు, కృష్ణకుమారిలతో ‘దేవాంతకుడు’ తీశారు. బతికుండగానే యమలోకానికి పోయి యముడినే హడలగొట్టే కుర్రవాడి కథ అది. ‘మార్కండేయ’లో తాను వేసిన యముడు భయపెట్టేవాడు, ‘సావిత్రి’లో గగ్గయ్య యముడు గర్జించేవాడు, ఈ యముడు జనాన్ని నవ్వించాడు. తర్వాత 1977లో ‘యమగోల’ వచ్చినప్పుడు ఈ వరసను అంతా కొత్త అనుకున్నారు గాని, దారి వేసి పెట్టింది పుల్లయ్య.

శంకరరెడ్డికి తిరిగి పెట్టుబడి సమకూరి ‘లవకుశ’ పని మళ్ళీ మొదలయ్యేనాటికి పుల్లయ్య ఆరోగ్యం దెబ్బతింది. పని భారం మోయలేని స్థితి. మిగిలిన భాగాన్ని ఆయన కుమారుడు చిత్తజల్లు శ్రీనివాసరావు, చిత్రరంగంలో సి.ఎస్.రావు, చేపట్టారు. అప్పటికే ఆయన స్వతంత్ర దర్శకుడు. తండ్రి పద్ధతి తెలిసిన కొడుకు కావడంతో ఎక్కడ తండ్రి ఆపారో, ఎక్కడ కొడుకు అందుకున్నారో తెర మీద అతుకు కనిపించదు. తండ్రీకొడుకులు ఎదురుపడే కథను తండ్రీకొడుకులే పూర్తిచేశారు. టైటిల్స్‌లో ఇద్దరి పేర్లూ పడ్డాయి.

1963 మార్చి 29న చిత్రం విడుదలైంది. ఇరవై తొమ్మిదేళ్ళ క్రితం కథే మళ్ళీ జరిగింది. ఎడ్లబండ్లు, వాటితోపాటు ఈసారి లారీలు, బస్సులు. ఇంటిల్లిపాదీ అన్నం మూటలు కట్టుకుని పట్నాలకు వెళ్ళి చూసి వచ్చారు. మొదటిసారి తాతతో బండిలో వెళ్ళిన పిల్లలు ఈసారి తమ పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్ళి ఉంటారు. లీల, సుశీల పాడిన పాటలు రాని ఇల్లు లేకపోయింది. చిత్రం డెబ్బై అయిదు వారాలు ఆడింది.

పుల్లయ్య మళ్ళీ కోలుకుని కెమెరా వెనుక నిలబడ్డారు. 1966లో ‘పరమానందయ్య శిష్యుల కథ’, 1967లో ‘భువనసుందరి కథ’, ‘భామావిజయం’. మూడింటిలోనూ రామారావే కథానాయకుడు. అరవై తొమ్మిదేళ్ళ వయసులో ఏడాదికి రెండు చిత్రాలు విడుదల చేసిన దర్శకుడు అదే ఏడాది అక్టోబరు 6న కన్నుమూశారు. సి.ఎస్.రావు ఆ తర్వాత కూడా చాలాకాలం చిత్రాలు తీసి 2004లో మరణించారు.

ఆయన పరిచయం చేసినవారిలో ఇద్దరు స్టూడియోలకు యజమానులయ్యారు, ఒకరు పద్మశ్రీ అందుకున్నారు, ఒకరు కారు ఎక్కి దిగారు, ఒకరు ఈనాటికీ సీతగా పటాల్లో ఉన్నారు. గురువు ప్రకాష్ తండ్రి రఘుపతి వెంకయ్య పేరిట రాష్ట్ర ప్రభుత్వ పురస్కారం 1980 నుంచి ఉంది. నవమి పందిట్లో సినిమా వేసినప్పుడు టైటిల్స్ పడుతుండగా జనం ఇంకా చోటు చూసుకుని కూర్చుంటూనే ఉంటారు. సి.పుల్లయ్య, సి.ఎస్.రావు అనే రెండు పేర్లు ఆ సందట్లోనే తెర మీద పడి వెళ్ళిపోతాయి.